ముందు చివరి పేజీ రాయాలి

ఇజ్రాయెల్, పాలస్తీనా మాట ఎత్తగానే మనవాళ్లలో ఎవరో ఒకరు "అది వేల ఏళ్ల గొడవండీ, తెగేది కాదు" అని తేల్చేస్తారు. అలా అనేస్తే ఇక బుర్రకు పని ఉండదు. నిజానికి ఈ గొడవ వయసు నూటయాభై ఏళ్లు కూడా లేదు. రష్యాలో, తూర్పు యూరప్‌లో తమ మీద జరిగే దాడులు భరించలేక యూదులు అక్కడికి వలస రావడం 1880ల్లో మొదలైంది. 1917లో బ్రిటన్ విదేశాంగ మంత్రి బాల్ఫోర్ అక్కడ యూదులకో సొంత చోటు ఏర్పడేలా సాయం చేస్తామని రాసిచ్చాడు. అప్పటికే ఆ నేల మీద ఉన్నవాళ్లలో చాలా పెద్ద వాటా అరబ్బులది. వాళ్లను ఎవరూ అడగలేదు. 1948లో ఇజ్రాయెల్ పుట్టింది, అప్పుడు జరిగిన యుద్ధంలో ఏడు లక్షల మందికి పైగా పాలస్తీనియన్లు ఇళ్లూ ఊళ్లూ పోయి శరణార్థులయ్యారు. 1967లో ఆరు రోజుల యుద్ధంతో వెస్ట్ బ్యాంక్, గాజా, తూర్పు జెరూసలెం ఇజ్రాయెల్ చేతికొచ్చాయి. ఇందులో దేవుడి రాత ఎక్కడా లేదు. ఫలానా మనుషులు ఫలానా తేదీన తీసుకున్న నిర్ణయాలు, అంతే.

మన వాట్సాప్ గ్రూపుల్లో జరిగే చర్చ గురించి ఎక్కువ చెప్పను. ఏదో ఒక జెండా ఎంచుకుంటారు, అవతలి పక్క చచ్చిన పిల్లల గురించి మాట్లాడితే తిడతారు. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్ చేసిన దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు, 251 మందిని బందీలుగా ఎత్తుకుపోయారు. ఆ తర్వాత ఇజ్రాయెల్ చేసిన యుద్ధంలో గాజా ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం మృతుల సంఖ్య 2025 జులై చివరికే 60 వేలు దాటింది. రెండు వాక్యాలూ ఒకే ఊపిరిలో చెప్పలేని మనిషితో శాంతి గురించి మాట్లాడి లాభం లేదని నా అభిప్రాయం.

ఇక నా వాదన. ఇన్నేళ్లలో ఒప్పందాలు జరగక కాదు, సంతకాలు పడక కాదు. చివరికి ఎక్కడికి చేరాలో రాసుకోకుండా మధ్యలో మెట్లు కట్టుకుంటూ పోయారు, అందుకే ప్రతిసారీ కూలింది. ముందు చివరి పేజీ రాయాలి. నమ్మకం, సామరస్యం, పక్కపక్కన కూర్చుని కాఫీ తాగడం లాంటివన్నీ ఆ తర్వాత మెల్లగా వస్తాయి, రాకపోయినా ఒప్పందం నిలబడాలి.

1993 సెప్టెంబరు 13న వైట్‌హౌస్ పచ్చిక మీద ఇజ్రాయెల్ ప్రధాని రాబిన్, పాలస్తీనా విమోచన సంస్థ (పీఎల్ఓ) నాయకుడు అరాఫత్ చేతులు కలిపిన ఫొటో మా తరం వాళ్లకు బాగా గుర్తు. మధ్యలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ రెండు చేతులూ చాచి నిలబడి ఉంటాడు. ఆ ఫొటో చూసినవాళ్లలో ఎంతమంది దాని వెనక ఉన్న ఉత్తరాలు చదివారో తెలియదు. అరాఫత్ తన ఉత్తరంలో ఇజ్రాయెల్‌కు శాంతి భద్రతలతో బతికే హక్కు ఉందని ఒప్పుకున్నాడు. బదులుగా రాబిన్ ఒప్పుకున్నది పాలస్తీనియన్ల తరఫున మాట్లాడేది పీఎల్ఓ అని మాత్రమే. పాలస్తీనా అనే దేశం వస్తుందని ఆ ఉత్తరంలో లేదు, ఆ రోజు సంతకమైన ఓస్లో ఒప్పందంలోనూ లేదు. జెరూసలెం, శరణార్థులు, సెటిల్‌మెంట్లు (1967లో గెలుచుకున్న నేల మీద కట్టిన యూదు కాలనీలు), సరిహద్దులు... అసలు తగాదా అంతా దేని గురించో వాటన్నిటినీ 'తర్వాత చూద్దాం' అని పక్కన పెట్టేశారు. ఐదేళ్ల గడువు పెట్టుకున్నారు. ఆ ఐదేళ్లలో నమ్మకం పెరుగుతుందట, అప్పుడు కష్టమైనవి తేలికవుతాయట.

పెరిగింది వేరు. 1995 నాటి రెండో ఒప్పందం వెస్ట్ బ్యాంక్‌ను ఏ, బీ, సీ అని మూడు ముక్కలు చేసింది. ఏలో పాలస్తీనా పోలీసులు, బీలో పాలన వాళ్లది, భద్రత ఇజ్రాయెల్‌ది, సీలో అంతా ఇజ్రాయెల్‌దే. సీ అంటే వెస్ట్ బ్యాంక్‌లో 60 శాతం నేల. తాత్కాలికం అన్న ఈ ఏర్పాటు ముప్పై ఏళ్లయినా అలాగే ఉంది. ఒకే రైతుకు ఇల్లు బీలో, ఆలివ్ తోట సీలో ఉంటాయి. ఆ తోటలో వాన నీళ్లు పట్టుకోవడానికి ఒక తొట్టి కట్టుకోవాలన్నా ఇజ్రాయెల్ సైన్యం కింద ఉండే ఆఫీసు పర్మిషన్ ఇవ్వాలి. అది దాదాపు ఎప్పుడూ రాదు. కట్టుకుంటే ఒక పొద్దున బుల్డోజర్ వస్తుంది. ఎదురుగా గుట్ట మీద సెటిల్‌మెంట్‌కు మాత్రం పైపులో నీళ్లు వస్తుంటాయి. ఓస్లో నాటికి తూర్పు జెరూసలెం కాకుండా వెస్ట్ బ్యాంక్‌లో లక్షా పది వేల మంది యూదు సెటిలర్లు ఉండేవారు, ఇప్పుడు ఐదు లక్షల మంది దాకా ఉన్నారు. గమ్యం రాయని ఒప్పందంలో ప్రతి ఖాళీనీ ఎవరికి బలం ఉంటే వాళ్లు నింపుకుంటారు.

అటు ఒప్పందం ఇష్టం లేనివాళ్లకూ ఐదేళ్ల టైం దొరికింది. 1994 ఫిబ్రవరిలో వెస్ట్ బ్యాంక్‌లోని హెబ్రాన్ మసీదులో నమాజు చేస్తున్నవాళ్ల మీద బారూక్ గోల్డ్‌స్టైన్ అనే సెటిలర్ కాల్పులు జరిపి 29 మందిని చంపాడు. ఏప్రిల్‌లో హమాస్ బస్సు బాంబులు మొదలయ్యాయి. 1995 నవంబరు 4న టెల్ అవీవ్‌లో శాంతి సభ ముగించుకుని కారెక్కబోతున్న రాబిన్‌ను ఒక యూదు కుర్రాడే కాల్చి చంపాడు. 1996లో వరుస బాంబు దాడుల తర్వాత జరిగిన ఎన్నికల్లో ఓస్లోను వ్యతిరేకించిన నెతన్యాహు ఒక్క శాతం లోపు తేడాతో గెలిచాడు. అంటే ఇటు ఒక తుపాకీ, అటు ఒక బాంబు ఉంటే చాలు, లక్షల మంది భవిష్యత్తు ఆగిపోతుంది. ఒప్పందమే ఆ అవకాశం ఇచ్చింది.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడే కథ ఆ పక్కనే ఉంది, ఎందుకో దాన్ని ఎక్కువమంది గుర్తు చేసుకోరు. 1973లో ఈజిప్టు, ఇజ్రాయెల్ ఘోరంగా యుద్ధం చేశాయి. నాలుగేళ్లకు ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ విమానమెక్కి జెరూసలెం వెళ్లి ఇజ్రాయెల్ పార్లమెంటులో మాట్లాడాడు. 1979 మార్చిలో సంధి సంతకమైంది. అందులో చివరి పేజీ స్పష్టంగా ఉంది: 1967లో ఇజ్రాయెల్ చేతికి పోయిన సినాయ్ ఎడారి మొత్తం ఈజిప్టుకు, చివరి అంగుళం దాకా, మూడేళ్లలో. బదులుగా పూర్తి గుర్తింపు, రాయబార కార్యాలయాలు, సినాయ్‌లో సైన్యం మీద పరిమితులు, వాటిని చూసుకోవడానికి బయటి దేశాల బలగం. ఇజ్రాయెల్ తరఫున సంతకం చేసిన ప్రధాని బెగిన్ మెతక మనిషేమీ కాదు. పదవి దిగాక సినాయ్‌లోని ఒక సెటిల్‌మెంట్‌లోనే స్థిరపడతానని చెప్పినవాడు.

1981 అక్టోబరులో సాదత్‌ను సొంత సైనికులే చంపేశారు. ఆరు నెలల తర్వాత, 1982 ఏప్రిల్‌లో, ఇజ్రాయెల్ సైన్యం సినాయ్‌లోని యామిత్ అనే ఊరి నుంచి యూదు సెటిలర్లను బలవంతంగా ఖాళీ చేయించింది. మేడల మీదికెక్కి నిరసన చేస్తున్నవాళ్లను సైనికులు కిందికి దించారు. తర్వాత ఊరిని నేలమట్టం చేశారు. ఆ పని దగ్గరుండి చేయించిన రక్షణ మంత్రి ఎవరనుకున్నారు, ఏరియల్ షరాన్. సంతకం పెట్టినవాడు చచ్చిపోయినా ఒప్పందం బతికింది. రాబిన్ చనిపోతే ఓస్లో మంచాన పడింది. సాదత్ మరణానికి ఈజిప్టులో ఎవరూ ఏడవలేదని కాదు కదా. చేరాల్సిన చోటు, చేరాల్సిన తేదీ కాగితం మీద ఉన్నాయి, తర్వాత వచ్చిన ముబారక్‌కు కొత్తగా తేల్చాల్సింది పెద్దగా ఏమీ లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. 1978లో అమెరికాలోని క్యాంప్ డేవిడ్‌లో సాదత్, బెగిన్ మధ్య కుదిరినవి రెండు ముసాయిదాలు. ఒకటి సినాయ్ గురించి. రెండోది పాలస్తీనియన్ల గురించి, వాళ్లకు స్వయంపాలన, ఐదేళ్ల మధ్యంతర కాలం, తర్వాత చర్చలు. మొదటిది అమలైంది. రెండోది చర్చల్లోనే చచ్చిపోయింది. అదే చోట, అదే మనుషులు, అదే వారం. తేడా అంతా రాతలో ఉంది. పదిహేనేళ్ల తర్వాత ఓస్లోలో ఆ చచ్చిన ముసాయిదా నమూనానే మళ్లీ బయటికి తీశారు.

సినాయ్ ఎడారి, వెస్ట్ బ్యాంక్ వేరు, అది బైబిల్ నేల, టెల్ అవీవ్‌కు కూతవేటు దూరం అంటారు. నిజమే, ఆ తేడాను కొట్టిపారేయను. ఇజ్రాయెలీలు ఎక్కువగా చెప్పే ఇంకో మాట గాజాది: "2005లో ఎనిమిది వేల మంది సెటిలర్లను లాక్కొచ్చి గాజా వదిలేశాం, ఏం దక్కింది? రాకెట్లు." ఆ భయం అబద్ధం కాదు. కానీ గాజాను ఒప్పందం చేసుకుని వదల్లేదు. అప్పటికి ప్రధాని అయిన షరాన్ ఎవరితోనూ మాట్లాడకుండా, సంతకం లేకుండా వెళ్లిపోయాడు. ఆకాశం, సముద్రం, సరిహద్దు దారుల్లో ఎక్కువ భాగం తన చేతిలోనే ఉంచుకున్నాడు. చర్చలు నమ్ముకున్న పాలస్తీనా అధ్యక్షుడు అబ్బాస్‌కు చూపించుకోవడానికి ఏమీ మిగల్లేదు, "మా తుపాకులే తరిమాయి" అని హమాస్ చెప్పుకుంది, 2006 జనవరి ఎన్నికల్లో గెలిచింది. మరుసటి ఏడాది అబ్బాస్ పార్టీ అయిన ఫతా వాళ్లను తరిమి గాజాను చేతిలోకి తీసుకుంది. ఎదుటివాడి సంతకం లేకుండా ఇచ్చేస్తే ఆ ఘనత ఎవడు గట్టిగా అరిస్తే వాడిదవుతుంది.

ఉత్తర ఐర్లాండ్ సంగతి కూడా చూడండి. బ్రిటన్‌తో ఉండాలనేవాళ్లకూ ఐర్లాండ్‌లో కలవాలనేవాళ్లకూ మధ్య నెత్తుటి తగాదాను ముగించడానికి 1998 ఏప్రిల్‌లో గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరింది. మే నెలలో ఐర్లాండ్ ఉత్తర, దక్షిణ భాగాలు రెండింటిలోనూ జనం ఓటు వేశారు, ఉత్తరాన 71 శాతం సరే అన్నారు. ఆగస్టులో ఒప్పందం నచ్చని ఒక చీలిక ముఠా ఒమా పట్టణంలో కారు బాంబు పేల్చింది. 29 మంది చనిపోయారు. హెబ్రాన్‌లో పోయినవాళ్లూ అంతే మంది. అయినా ఒమా తర్వాత ఒప్పందం ఆగలేదు. జనం ఓటు వేసిన కాగితాన్ని ఒక బాంబుతో చింపడం కుదరలేదు. ఐర్లాండ్‌లో కలవాలని పోరాడిన సాయుధ ముఠా ఐఆర్ఏ ఆయుధాలు పూర్తిగా పక్కన పెట్టింది 2005లో, అంటే ఒప్పందానికి ఏడేళ్ల తర్వాత. ముందు ఆయుధాలు దించండి, ఆ తర్వాతే మాట్లాడతాం అని కూర్చుని ఉంటే ఇప్పటికీ కూర్చునే ఉండేవారు.

మరి ఆ చివరి పేజీలో ఏం ఉండాలి? తమాషా ఏమిటంటే ఇందులో పెద్ద రహస్యం లేదు. 2000 డిసెంబరులో క్లింటన్ చదివి వినిపించిన ప్రతిపాదనల నుంచి ఇప్పటిదాకా నిపుణులు గీసే పటాలన్నీ కొంచెం అటూ ఇటూగా ఒకేలా ఉంటాయి. 2008 సెప్టెంబరు 16న ఇజ్రాయెల్ ప్రధాని ఓల్మెర్ట్ అబ్బాస్ ముందు ఒక పటం పరిచాడు. వెస్ట్ బ్యాంక్‌లో సుమారు 6 శాతం తను ఉంచుకుని దాదాపు అంతే నేల ఇజ్రాయెల్ లోపలి నుంచి ఇస్తానన్నాడు. గాజాకు వెస్ట్ బ్యాంక్‌కు మధ్య దారి. జెరూసలెం పాత నగరంలోని పవిత్ర స్థలాలు ఏ ఒక్కరి సార్వభౌమత్వంలోనూ కాకుండా ఐదు దేశాల ట్రస్టు కింద. అక్కడే సంతకం పెట్టమన్నాడు. పటం ఇవ్వండి, మా నిపుణులకు చూపిస్తానని అబ్బాస్ అడిగాడు. సంతకం పెడితేనే ఇస్తానని ఓల్మెర్ట్ అన్నాడు. అబ్బాస్ తన ఆఫీసుకు తిరిగి వెళ్లి చేతికందిన కాగితం మీద గుర్తున్నంత వరకు ఆ గీతలు గీసుకున్నాడు. అప్పటికే ఓల్మెర్ట్ అవినీతి కేసుల్లో ఇరుక్కుని రాజీనామా ప్రకటించి ఉన్నాడు. ఆ ఏడాది చివర్లో గాజా మీద యుద్ధం, తర్వాత ఎన్నికలు, మళ్లీ నెతన్యాహు. రెండు జాతుల సరిహద్దు గుర్తున్నంత మేర గీసుకున్న ఒక బొమ్మగా మిగిలిపోయింది. 2024లో అదే ఓల్మెర్ట్, అరాఫత్ మేనల్లుడు నాసర్ అల్ కుద్వా కలిసి మళ్లీ ఒక ప్రతిపాదన పెట్టారు. ఈసారి మార్చుకునే నేల 4.4 శాతం. ఇద్దరి చేతిలోనూ పదవి లేదు, అదొక్కటే లోటు.

రెండు దేశాలు అనే మాటకు కాలం చెల్లింది, అందరికీ సమాన ఓటుతో ఒకే దేశం చాలు అనేవాళ్లు ఈమధ్య పెరిగారు. జోర్డాన్ నది నుంచి మధ్యధరా సముద్రం దాకా యూదులు, పాలస్తీనియన్లు ఇంచుమించు సమానంగా, చెరో 70 లక్షల మంది ఉన్నారు. నీతిపరంగా ఆ వాదనకు జవాబు చెప్పడం కష్టం. కానీ వందేళ్లుగా సొంత జెండా కోసం చచ్చిన రెండు జాతులు ఒకే పోలీసు శాఖను, ఒకే సైన్యాన్ని పంచుకుంటాయని నేను నమ్మలేను. నాకు దగ్గరగా అనిపించేది 'ఎ ల్యాండ్ ఫర్ ఆల్' అనే ఇజ్రాయెలీ, పాలస్తీనీ ఉమ్మడి బృందం చెప్పే దారి. 1967 యుద్ధానికి ముందున్న సరిహద్దు మీద రెండు దేశాలు, మధ్యలో గోడ కాకుండా రాకపోకలు, జెరూసలెం ఇద్దరికీ రాజధాని. ఎక్కడ నివసించినా ఓటు మాత్రం సొంత దేశంలో. అప్పుడు ఐదు లక్షల సెటిలర్లలో ఉండాలనుకునేవాళ్లు పాలస్తీనా చట్టానికి లోబడి ఉండొచ్చు, శరణార్థుల్లో కొందరు తాతల ఊళ్లకు దశలవారీగా తిరిగి రావచ్చు. పాత పటాలు ముడి వేసి వదిలేసిన రెండు విషయాలకూ ఇది ఒక తోవ చూపిస్తుంది.

ఇక్కడ మనకో చిన్న సంబంధం ఉంది. 1947లో ఐక్యరాజ్యసమితి వేసిన కమిటీలో ఎక్కువ మంది విభజన అన్నారు. ఇండియా, ఇరాన్, యుగోస్లావియా మాత్రం రెండు ప్రాంతాలతో ఒక సమాఖ్య దేశం, రాజధాని జెరూసలెం అని వేరే నివేదిక ఇచ్చాయి. మన దేశం రెండు ముక్కలై రైళ్లలో శవాలు వస్తున్న రోజులవి. నవంబరు 29న ఓటింగులో విభజన 33-13 తేడాతో నెగ్గింది, మనం వ్యతిరేకంగా వేశాం.

అప్పటికి మనం సలహా ఇచ్చే స్థానంలో ఉన్నాం, ఇప్పుడు కూలీలను పంపే స్థానంలో ఉన్నాం. మా మేనత్త కొడుకు జగిత్యాల దగ్గర నుంచి వెళ్లి టెల్ అవీవ్ పక్కన ఒక పెద్దాయనకు కేర్‌గివర్‌గా చేస్తున్నాడు. నిజామాబాద్, జగిత్యాల వైపు ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. సైరన్ మోగితే ఆ పెద్దాయనను వీల్‌చైర్‌తో సహా కాంక్రీటు గదిలోకి తోసుకెళ్లి తలుపు వేస్తాడు. ఫోన్‌లో ఒకసారి అన్నాడు: "మా కిటికీ ఎదురుంగ బిల్డింగు మూడో అంతస్తు కాడ ఆగింది బావా. పొద్దుగాల ఆరింటికి వచ్చే పాలస్తీనోళ్లు మల్ల రాలే." 2023 అక్టోబరు తర్వాత వెస్ట్ బ్యాంక్ నుంచి వచ్చే లక్షకు పైగా కార్మికుల పర్మిట్లు ఆపేశారు. ఆ ఖాళీల కోసం మన దగ్గర ఎంపికలు జరిగాయి, హైదరాబాద్‌లో కూడా. సెంట్రింగ్, రాడ్ బెండింగ్, టైల్స్, ప్లాస్టరింగ్ వచ్చినవాళ్లు కావాలన్నారు. నెలకు లక్షకు పైన జీతం అంటే వెళ్లేవాణ్ని ఎవరు తప్పుపడతారు? నేనైతే పట్టను. కాకపోతే ఆ రెండు జాతుల మధ్య మిగిలి ఉన్న రోజువారీ పరిచయం కూడా అలా తెగింది. ఆ పరిచయంలో సమానత్వం ఏమీ లేదు, తెల్లారుజామున మూడింటికి చెక్‌పోస్టు దగ్గర లైను కట్టే బతుకది. అయినా ఒకరి ముఖం ఒకరు చూసేవారు. ఇప్పుడు అదీ లేదు. గోడ అవతల మనుషులు లేకపోయినా పని నడుస్తుందని తెలిశాక ఒప్పందానికి తొందర ఎవరికి ఉంటుంది?

ముఖాలు చూసుకునే పని సొంతంగా పెట్టుకున్నవాళ్లు కొందరు ఉన్నారు. ఇజ్రాయెలీ శాంతి కార్యకర్త వివియన్ సిల్వర్ గాజా సరిహద్దులోని బేరీ కిబ్బుట్జ్‌లో (ఉమ్మడిగా బతికే ఊరు) ఉండేది. గాజా నుంచి క్యాన్సర్ చికిత్సకు వచ్చే రోగులను తన కారులో ఇజ్రాయెల్ ఆసుపత్రులకు తీసుకెళ్లేది. 2023 అక్టోబరు 4న ఆమె సంస్థకు చెందిన ఇజ్రాయెల్ మహిళలు, పాలస్తీనా మహిళలు కలిసి జెరూసలెంలో, మృత సముద్రం ఒడ్డున సభ పెట్టారు. మూడు రోజులకే హమాస్ దాడిలో వివియన్ ఇంట్లోనే చనిపోయింది. బందీగా ఉందేమో అని నెల పైన ఎదురుచూశారు, చివరికి ఇంటి శిథిలాల్లో దొరికిన అవశేషాలను గుర్తుపట్టారు. ఇలాంటివాళ్లను చూసి శాంతివాదం ఓడిపోయింది అనేవాళ్లున్నారు. వాళ్ల పని ఒప్పందం తేవడం అనుకుంటేనే అలా అనిపిస్తుంది. రెఫరెండం రోజున 'సరే' అని ఓటు వేసేవాళ్లను ముందే తయారు చేయడం వాళ్ల పని. ఆ పని చేసేవాళ్లు బతికి ఉండగానే నాయకులు ఆ కాగితం ముందు పెట్టకపోతే తప్పు ఈ శాంతివాదులది కాదు.

2025 అక్టోబరులో కాల్పుల విరమణ కుదిరింది, బతికి ఉన్న బందీలందరూ ఇంటికొచ్చారు. నవంబరులో భద్రతా మండలి 2803వ తీర్మానం చేసింది. గాజాకు అంతర్జాతీయ బలగం, పర్యవేక్షణకు ఒక బోర్డు, హమాస్ ఆయుధాలు దించడం అన్నీ వివరంగా ఉన్నాయి. పాలస్తీనా దేశం దగ్గరికి వచ్చేసరికి రాతలో బిగి పోయింది. సంస్కరణలు జరిగి, గాజా పునర్నిర్మాణం ముందుకు సాగితే, దేశం వైపు నమ్మదగిన దారికి తగిన పరిస్థితులు ఏర్పడవచ్చు అన్నట్టుగా ఉంది. తేదీ లేదు, సరిహద్దు లేదు. ఓస్లో నుంచి ఏం నేర్చుకున్నామో నాకైతే అర్థం కాలేదు.

మిగిలింది సంతకం ఎవరు పెడతారన్న ప్రశ్న. 2024 జులైలో ఇజ్రాయెల్ పార్లమెంటు పాలస్తీనా దేశం వద్దని 68-9 ఓట్లతో తీర్మానించింది. అటు అబ్బాస్ 2005లో నాలుగేళ్లకు ఎన్నికై ఇప్పటికీ కుర్చీలోనే ఉన్నాడు. ఆయన సంతకాన్ని ఆయన ఆఫీసు ఉన్న రామల్లాలోనే చాలామంది లెక్కచేయరు. పాలస్తీనియన్లు గట్టిగా నమ్మే పేరు ఫతా నాయకుడు మర్వాన్ బర్గూతీది. 2002 నుంచి ఇజ్రాయెల్ జైల్లో ఉన్నాడు, ఐదు హత్యల కేసుల్లో ఐదు యావజ్జీవ శిక్షలు పడ్డాయి. ఆ కోర్టుకు తనను విచారించే అధికారమే లేదన్నాడు. ఆయన మహాత్ముడని నేను అనడం లేదు. ఉత్తర ఐర్లాండ్‌లో గుడ్ ఫ్రైడే ఒప్పందం తర్వాత రెండేళ్లలో విడుదలైనవాళ్లలోనూ హంతకులు ఉన్నారు, చనిపోయినవాళ్ల తల్లులు ఆ జైలు గేటు టీవీలో చూసి ఏడ్చారు. రెండు దేశాలకు ఒప్పుకుంటానని చెప్పే మనిషి, తుపాకీ పట్టినవాళ్లు కూడా మాట వినే మనిషి పాలస్తీనియన్లలో ఇంకెవరున్నారో చెప్పమనండి. 2025 అక్టోబరు మార్పిడిలో హమాస్ ఆయన పేరు అడిగింది. ఇజ్రాయెల్ సుమారు రెండు వేల మందిని వదిలింది. ఆయన్ను వదల్లేదు.